బరువు తగ్గించే విద్య

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులు దగ్గరపడేకొద్దీ మా మదరసా వరండాలోకి వచ్చే ప్రశ్నల తీరు మారుతుంది. ఏడాది పొడవునా తహారత్ గురించో, వారసత్వపు వాటాల గురించో అడిగే పెద్దలే ఆ పది పదిహేను రోజులు బ్రాంచీల గురించి అడుగుతారు. "మౌలానా సాబ్, మావాడికి మెకానికల్‌లో సీటు వచ్చేట్టుంది. అది తీసుకోమంటారా, ఎక్కడో ఒకచోట డబ్బు కట్టి కంప్యూటర్‌లో చేర్పించమంటారా?" ఈ ప్రశ్న వేసే తండ్రి ముఖంలో మాకు దురాశ కనిపించదు, భయం కనిపిస్తుంది. ఇంట్లో ఉన్నది ఒకే సంపాదన. నాలుగేళ్ల చదువు చివరకు అన్నం పెట్టకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే శక్తి ఆ ఇంటికి ఉండదు. అటువంటి భయాన్ని తేలిక చేసి మాట్లాడటం మాకు ఇష్టం లేదు.

ఇటీవల ఈ ప్రశ్నకు మరొకటి తోడైంది. కాలేజీల గోడల మీద ఇప్పుడు 'ఆంత్రప్రెన్యూర్‌షిప్' అనే మాట లేని చోటు లేదు. మూడో సంవత్సరంలో అడుగుపెట్టిన పిల్లలు "అబ్బా, నేను ఉద్యోగం చేయను, స్టార్టప్ పెడతాను" అంటున్నారు. మా వద్ద చదువుకున్న ఒకరి కుమారుడు మెకానికల్ చదువుతూ కాంపోజిట్ పదార్థాల మీద మక్కువ పెంచుకున్నాడు. కాళ్లు బలహీనమైన పిల్లలకు తేలికపాటి క్యాలిపర్లు తయారుచేసే కంపెనీ పెడతానని, అందుకు ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టమని తండ్రిని కోరాడు. తండ్రి కాదనలేక, ఔననలేక మా వద్దకు వచ్చారు. ఆయనకు మేము ఏమి చెప్పామో చెప్పే ముందు, ఆ కుర్రవాడు మనసు పారేసుకున్న పదార్థం ఎటువంటిదో పాఠకులకు చెప్పవలసి ఉంది. మేము ఇంజినీర్లం కాము. తెలిసినవారిని అడిగి, చదివి, మాకు అర్థమైన మేరకు రాస్తున్నాము.

కాంపోజిట్ అనే మాట కొత్తదే గాని వస్తువు పాతది. మట్టిగోడ కట్టేటప్పుడు మన తాతలు మట్టిలో వరిగడ్డి కలిపి కాళ్లతో తొక్కేవారు. మట్టి ఒక్కటే అయితే ఎండి బీటలు వారుతుంది, గడ్డి ఒక్కటే అయితే నిలబడనే నిలబడదు. రెండూ కలిసినప్పుడు గడ్డిపోచ లాగుడును ఓర్చుకుంటుంది, మట్టి ఒత్తిడిని మోస్తూ గడ్డిని దాని చోట నిలుపుతుంది. రాగి, తగరం కరిగి కంచు అయినప్పుడు రెండూ ఒకదానిలో ఒకటి లీనమైపోతాయి. మట్టిగోడలో అలా కాదు. దేని గుణం దానికి ఉంటూనే ఒకటి లోపాన్ని మరొకటి పూడుస్తుంది.

మన ఊళ్లలో 'ఫైబర్' అని పిలిచే వస్తువులన్నీ ఈ కుటుంబానివే. ఫైబర్ తలుపు, ఫైబర్ షీటు, కోస్తా రేవుల్లో చెక్క తెప్పల స్థానాన్ని ఆక్రమించిన ఫైబర్ పడవ, వీటన్నింటిలో ఉన్నది సన్నని గాజు పోగులు, వాటిని పట్టి ఉంచే పాలిస్టర్ రెజిన్. గాజు పోగుకు బదులు కార్బన్ పోగు, పాలిస్టర్‌కు బదులు ఎపాక్సీ వాడితే అది విమానాల దాకా వెళుతుంది. బోయింగ్ 787 విమానపు బరువులో దాదాపు సగం కాంపోజిట్లదే.

కార్బన్ పోగు పుట్టే తీరు వినదగినది. స్వెట్టర్లకు వాడే యాక్రిలిక్ నూలుకు దగ్గరి చుట్టమైన ఒక కృత్రిమ దారాన్ని తీసుకుని, ముందు గాలిలోనే 200 నుంచి 300 డిగ్రీల వేడిలో కాస్తారు. తరువాత ప్రాణవాయువు తగలని కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించి కాలుస్తారు. మిగిలినవన్నీ ఎగిరిపోయి దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఆ పోగు మన తలవెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. 1960 ప్రాంతంలో జపాన్‌లో అకియో షిండో ఈ దారిని చూపారు, ఆ దశాబ్దంలోనే ఇంగ్లండులోని ఫార్న్‌బరో పరిశోధకులు దాని బలాన్ని పెంచారు. ఘన సెంటీమీటరు ఉక్కు బరువు 7.8 గ్రాములైతే, అంతే పరిమాణంలో కార్బన్ కాంపోజిట్ బరువు సుమారు 1.6 గ్రాములు.

ఇక్కడ ఒక సంగతి మమ్మల్ని చాలాసేపు ఆలోచింపజేసింది. ఉక్కు రేకును ఏ వైపు లాగినా దాని బలం ఇంచుమించు ఒకటే. కనుక కర్మాగారం రేకును తయారుచేసి అమ్ముతుంది, కొన్నవాడు దానితో పెట్టె చేసుకుంటాడో, ద్వారం చేసుకుంటాడో రేకు చేసినవాడికి అక్కరలేదు. కాంపోజిట్ అలా కాదు. పోగు తాను పరుచుకున్న దిశలో మాత్రమే మహాబలం చూపుతుంది, అడ్డంగా లాగితే రెజిన్ బలమే మిగులుతుంది. అందువల్ల పోగులను ఏ పొరలో ఎటువైపు పరచాలో ముందే నిర్ణయించాలి. అది నిర్ణయించాలంటే బరువు ఎటునుంచి వస్తుందో తెలియాలి. బరువు ఎటునుంచి వస్తుందో తెలియాలంటే ఆ వస్తువును ఎవరు, ఎక్కడ, ఎలా వాడతారో తెలియాలి. ఇక్కడ పదార్థం, వస్తువు ఒకే అచ్చులో ఒకేసారి పుడతాయి. వాడేవాడిని ఎరగని ఇంజినీరు ఈ పదార్థాన్ని సరిగా తయారుచేయనే లేడు. ఇక వాడేవాడిని ఎరగడమే గదా వ్యాపార దృష్టికి మొదటి మెట్టు! కాలేజీలు ప్రయోగశాలలో ఒక పాఠంగానూ, సెమినార్ హాలులో మరో పాఠంగానూ విడదీసి చెబుతున్న ఈ రెండింటినీ పదార్థమే స్వయంగా కలిపి ఉంచింది.

ఈ మాటకు సాక్ష్యం మన హైదరాబాద్‌లోనే ఉంది. మర్హూమ్ అబ్దుల్ కలామ్ గారిని మన పిల్లలు రాష్ట్రపతిగా, క్షిపణి శాస్త్రవేత్తగా ఎరుగుదురు. ఆయన పనిలో పెద్ద భాగం ఈ కాంపోజిట్లతో ముడిపడినదని చాలామందికి తెలియదు. 1931లో రామేశ్వరంలో పుట్టారు. తండ్రి జైనులాబుద్దీన్ గారు మస్జిదుకు ఇమాము, పడవ యజమాని కూడా. రామేశ్వరం నుంచి ధనుష్కోడికి యాత్రికులను చేరవేయడానికి తండ్రి చెక్కపడవ కట్టుతుంటే, ఆ చెక్కను మంట వేడిలో పదును చేయడం చిన్ననాడు దగ్గరుండి చూశారు. ఆ పడవను తరువాత తుపాను ఎత్తుకుపోయింది. మద్రాసు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటు వచ్చినప్పుడు కట్టవలసిన సొమ్ము సుమారు వెయ్యి రూపాయలు. ఆ రోజుల్లో ఆ ఇంటికి అది తలకు మించినది. అక్క జోహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టి ఆ సొమ్ము సమకూర్చింది. సొంత సంపాదనతోనే వాటిని విడిపిస్తానని తమ్ముడు అప్పుడే సంకల్పించుకున్నాడు.

తుంబాలో రాకెట్ కేంద్రం మొదలైన తొలి రోజుల్లో పోగులతో బలపరచిన ప్లాస్టిక్కులపై పనిచేసే విభాగాన్ని నిలబెట్టినవారిలో కలామ్ గారు ముఖ్యులు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలోకి చేర్చిన ఎస్‌ఎల్‌వి-3 నాలుగో అంచె కాంపోజిట్‌తో చేసినదే. 1982లో ఆయన హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు అధిపతిగా వచ్చారు. 1989 మే 22న తొలి అగ్ని క్షిపణి ఎగిరింది. ఆకాశం దాటి మళ్లీ వాతావరణంలోకి దూసుకువచ్చే వేళ దాని ముక్కు వేల డిగ్రీల వేడిని ఓర్చుకోవాలి, లోపలి పరికరాలు మాత్రం చెడకూడదు. ఆ ముక్కు కోసమే కార్బన్ పోగులను కార్బన్‌లోనే ఇమిడ్చిన పదార్థాన్ని అక్కడ సాధించారు.

ఆ ప్రయోగశాలకు ఒకనాడు నిమ్స్ నుంచి ఒక ఎముకల వైద్యుడు వచ్చారు. అక్కడున్న ఆ పదార్థపు ముక్కను చేతిలోకి తీసుకుని, దాని తేలికదనం చూసి ఆశ్చర్యపోయారు. ప్రశంసించి వెళ్లిపోలేదు. కలామ్ గారిని తన ఆసుపత్రికి తీసుకువెళ్లి తన రోగులను చూపించారు. అక్కడ చిన్నచిన్న ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్కొక్కటి మూడు కిలోలకు పైబడిన ఇనుప క్యాలిపర్లు కట్టుకుని కాళ్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. పోలియో మన దేశాన్ని ఇంకా వదలని కాలమది. చివరి కేసు నమోదైనది 2011 జనవరిలో. ఆ పిల్లల బాధ తగ్గించమని వైద్యుడు కోరారు. మూడు వారాల్లో 300 గ్రాముల బరువున్న క్యాలిపర్లు తయారై ఆసుపత్రికి చేరాయి. పిల్లలు వాటిని కట్టుకుని తమ కళ్లను తామే నమ్మలేనట్టు తిరిగారని, తల్లిదండ్రుల కళ్లు చెమ్మగిల్లాయని కలామ్ గారు ఎన్నో సభల్లో చెప్పేవారు. తన జీవితపు గొప్ప ఆనందాలను లెక్కపెట్టినప్పుడు రాకెట్టు, క్షిపణిల పక్కన దీన్నీ లెక్కపెట్టేవారు.

ఈ సంఘటనను మన ఉపన్యాసకులు దయాగుణానికి ఉదాహరణగా చెబుతారు. అది సత్యమే. ఇంజినీరింగ్ విద్యార్థి దాన్ని మరో కన్నుతో కూడా చూడాలని మా కోరిక. ఆ పరికరం పనిచేసే తీరు చూడండి. తొడ కండరాలు బలహీనమైన పిల్లవాడు అడుగు వేస్తే మోకాలు ముందుకు మడిగి పడిపోతాడు. పాత పద్ధతిలో తొడ దాకా ఇనుప కడ్డీలు బిగించి మోకాలిని బలవంతంగా నిలిపేవారు. ఈ పరికరం మోకాలి కిందనే ఆగుతుంది. మడమ దగ్గర వంగకుండా గట్టిగా ఉంటుంది, ముందు వైపు మోకాలి కింది ఎముకను ఒక దొప్పలా ఆనుకుంటుంది. పాదం నేలను తాకినప్పుడు నేల తిరిగి నెట్టే బలం ఆ దొప్ప ద్వారా ఎముకను వెనక్కి నొక్కి మోకాలిని నిటారుగా నిలుపుతుంది. నేలే ఇక్కడ ఊతకర్ర. అయితే మడమ దగ్గర ఆ భాగం రోజూ కొన్ని వేల అడుగుల దెబ్బ ఓర్చుకుంటూ వంగకూడదు, విరగకూడదు, చర్మాన్ని ఒరిపిడి పెట్టకూడదు. బరువు వచ్చే చోటు అదేనని పిల్లవాడు నడిచే తీరు చూసినవాడికే తెలుస్తుంది. క్షిపణి పదార్థం క్యాలిపర్ కాగలిగిందంటే అందులో సగం పని ఆసుపత్రి నడవాలో జరిగింది.

ఇటువంటి చూపు పెద్ద ప్రయోగశాలల సొత్తు మాత్రమే కాదు. 1968లో జైపూర్‌లో శస్త్రవైద్యులు డాక్టర్ పి.కె. సేఠీ, పెద్దగా బడి చదువు లేని శిల్పకారుడు రామచంద్ర శర్మ కలిసి చేసిన కృత్రిమ పాదం ప్రపంచమంతటా 'జైపూర్ పాదం'గా పేరు పొందింది. అంతకు ముందు పాశ్చాత్య దేశాల నమూనాలో వచ్చిన పాదానికి బూటు తప్పనిసరి, దానితో నేలమీద కూర్చోవడం కష్టం. మనవాళ్లు చెప్పులు లేకుండా పొలంలో నడుస్తారు, గొంతుకు కూర్చుంటారు, బాసింపట్టు వేస్తారు. మస్జిదులో సఫ్‌లో నిలబడినవాడికి సజ్దాలో వంగే పాదం కావాలి. రబ్బరు, చెక్క, టైరు దారం పొరలుగా పేర్చి వల్కనైజ్ చేసిన ఆ పాదం కూడా ఒక విధంగా కాంపోజిట్టే. కాలు పోయినవాడు ఇంటికి వెళ్లి ఎలా కూర్చుంటాడో గమనించినవారు చేసిన పని అది.

ఇంతవరకు విని ఉత్సాహపడే పిల్లలకు మరో వైపు కూడా చూపించవలసి ఉంది. 1968లో రోల్స్ రాయిస్ కంపెనీ లాక్‌హీడ్ ట్రైస్టార్ విమానానికి ఆర్‌బి211 అనే కొత్త ఇంజిను అమ్ముతానని ఒప్పుకుంది. దాని ముందు భాగంలోని పెద్ద పంకా రెక్కలను హైఫిల్ అనే కార్బన్ కాంపోజిట్‌తో చేస్తే ఇంజిను బరువు బాగా తగ్గుతుందని లెక్క. ధర ముందే ఖరారైంది, తేదీ ముందే ఖరారైంది. రెక్క మాత్రం ఇంకా అన్ని పరీక్షలూ గట్టెక్కలేదు. ఆకాశంలో పక్షి వచ్చి తగిలితే ఇంజిను ఏమవుతుందో చూడటానికి చనిపోయిన కోడిని తిరుగుతున్న రెక్కల మీదికి వేగంగా విసురుతారు. 1970లో ఆ పరీక్షలో కార్బన్ రెక్కలు ముక్కలైపోయాయి. లాగుడుకు అంత బలమైన పోగు అడ్డంగా తగిలిన దెబ్బకు ఓర్చుకోలేకపోయింది. మళ్లీ టైటానియం రెక్కలకు వెళ్లవలసి వచ్చింది, ఖర్చు అదుపు తప్పింది. 1971 ఫిబ్రవరి 4న ఆ మహా సంస్థ దివాళా ప్రకటించింది, ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని నిలబెట్టవలసి వచ్చింది. పాతికేళ్ల తరువాత, 1995లో వాడుకలోకి వచ్చిన జీఈ90 ఇంజినులో కాంపోజిట్ రెక్కలు విజయవంతమయ్యాయి. దెబ్బ తగిలే ముందు అంచుకు టైటానియం తొడుగు వేశారు. అంటే 1968 నాటి ఆలోచన తప్పు కాదు. పరీక్ష పూర్తికాని వస్తువును ధర కట్టి, తేదీ కట్టి అమ్మడం తప్పు. పక్షి గురించి వారికి తెలియక కాదు, తెలిసీ చివరికి వాయిదా వేశారు.

ఇక మా వద్దకు వచ్చిన తండ్రికి ఏమి చెప్పాము?

ఇల్లు తాకట్టు పెట్టవద్దని చెప్పాము. ఆయన ముఖం వెలిగింది. కుమారుడి ముఖం ముడుచుకుంది, ఎందుకంటే ఆ రోజు ఇద్దరూ కలిసే వచ్చారు. అప్పుడు కుర్రవాడిని మేము ఒకే ప్రశ్న అడిగాము. "బేటా, క్యాలిపర్ కట్టుకున్నవారిని ఇప్పటివరకు ఎందరిని కలిశావు?" అతను నిజం చెప్పాడు. ఎవరినీ కలవలేదు. కాలేజీలో జరిగిన పోటీలో పదిహేను స్లైడ్లు చూపి రెండో బహుమతి గెలిచాడు. ఆ స్లైడ్లలో మార్కెట్ పరిమాణం ఉంది, లాభాల రేఖ ఉంది, ఒక అందమైన బొమ్మ ఉంది. నడిచే మనిషి లేడు.

ఇందులో కుర్రవాడిని నిందించడానికి ఏమీ లేదు, వానికి నేర్పిన పద్ధతే అది. వస్తువును చేయక ముందే అమ్మడం నేర్పితే దానికి వ్యాపార దృష్టి అనే పేరు తగదు. మరో వైపు ప్రాజెక్టు అంటే బజారులో కొని, పేరు మార్చి, అట్ట వేసి సమర్పించే వస్తువుగా మారిన చోట్లూ ఉన్నాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయో పాఠకుల ఇళ్లలోని పిల్లలకు మా కన్నా బాగా తెలుసు. కాంపోజిట్ ప్రయోగశాలకు మాత్రం తాళం ఉంటుంది, తనిఖీ బృందం వచ్చిన రోజున తెరుస్తారు. కాలేజీ ఎంపిక చేసుకునే తల్లిదండ్రులు హాస్టల్ గదులు, మెస్ చూసి వస్తున్నారు. దయచేసి వర్క్‌షాపు కూడా చూడండి. అక్కడ పిల్లలు చేసి, పగలగొట్టి, పగిలిన ముక్కకు చీటీ అంటించి పెట్టిన వస్తువులు కనిపిస్తే ఆ కాలేజీలో ఎవరో నిజంగా చదువు చెబుతున్నారని అర్థం. అన్నీ మెరుస్తూ ఉంటే అనుమానించవలసిందే.

కుర్రవాడికి మేము సూచించినది ఇది. సెలవుల్లో ప్రభుత్వాసుపత్రి ఫిజియోథెరపీ విభాగంలో అనుమతి తీసుకుని కూర్చోవాలి. క్యాలిపర్ కట్టేవారిని, కట్టించుకునేవారిని, కట్టడం మానేసినవారిని అడిగి తెలుసుకోవాలి. మానేసినవారే ముఖ్యం. పిల్లవాడు పెరిగితే కాలు పొడవవుతుంది, పరికరం మార్చాలి. పేదింటి పిల్లవాడికి దాన్ని ఎవరు మారుస్తారు? ఎండాకాలంలో ప్లాస్టిక్ దొప్ప కింద చర్మం పాసిపోతే తల్లి ఏం చేస్తుంది? అన్నింటికన్నా ముందు, డబ్బు ఎవరు ఇస్తారు? మన దేశంలో ఇటువంటి పరికరాలు చాలామందికి ప్రభుత్వ శిబిరాల ద్వారా ఉచితంగా అందుతాయి. కాన్పూర్‌లోని అలిమ్‌కో అనే ప్రభుత్వ సంస్థ 1970ల నుంచి వాటిని తయారుచేస్తోంది. జైపూర్ పాదాన్ని పంచే సంస్థ 1975 నుంచి రోగి వద్ద పైసా తీసుకోదు. అంటే కట్టుకునేవాడు వేరు, కొనేవాడు వేరు. కొనేవాడు టెండరు పిలుస్తాడు, టెండరులో బరువు కన్నా ధర ముందు కనిపిస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక తాకట్టు పెట్టిన ఇల్లు తిరిగి రాదు. తెలిసినవాడు బహుశా కొత్త పరికరానికి బదులు, పాత పరికరాన్ని పెరిగే కాలికి తగినట్టు సవరించే పనిలో దిగవచ్చు. ఆ పనికి తక్కువ పెట్టుబడి చాలు, ఎక్కువ ఓపిక కావాలి.

చేత్తో నేర్చుకోవడానికి ఖర్చు ఎక్కువ కాదు. గాజు పోగుల చాప, రెజిన్, గట్టిపరచే ద్రవం, కుంచె, మైనం పూసిన అచ్చు. తలుపులు, పడవలు చేసే వర్క్‌షాపులకు సరుకు అమ్మే దుకాణాల్లో ఇవన్నీ దొరుకుతాయి. పొర మీద పొర పరచి, కుంచెతో అద్ది, గాలిబుడగలు పోయేట్టు రోలరుతో ఒత్తి, ఆరిన తరువాత విరగ్గొట్టి చూడాలి. ఎక్కడ విరిగిందో, పొరలు విడిపోయాయో పోగులు తెగాయో రాసుకోవాలి. ఇళ్లలోని తల్లులకు ఒక మనవి: ఈ పని వంటింట్లో గాని, మూసిన గదిలో గాని చేయనివ్వకండి. రెజిన్ ఆవిరి మంచిది కాదు. గాజు ధూళి ఊపిరితిత్తులకు, చర్మానికి హాని. గట్టిపరచే ద్రవం కంట్లో పడితే చూపుకే ముప్పు. చేతితొడుగులు, మాస్కు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆడపిల్లలకు ఇది తగిన పని కాదనే మాట మాత్రం చెప్పకండి. పొరను సమంగా పరచడానికి కావలసిన నేర్పు కుట్టుపని తెలిసిన చేతుల్లో ముందే ఉంటుంది.

డబ్బు విషయంలో మరో మాట. మా మదరసాల్లో చదివే ఫిఖ్ గ్రంథాల్లో ముదారబా అనే అధ్యాయం ఉంది. ఒకరి పెట్టుబడి, మరొకరి శ్రమ. లాభం ముందుగా ఒప్పుకున్న వాటాల్లో పంచుకుంటారు. పనిచేసేవాడి నిర్లక్ష్యం లేకుండా నష్టం వస్తే సొమ్ము పెట్టినవాడికి సొమ్ము పోతుంది, పనిచేసినవాడికి శ్రమ పోతుంది. పని గెలిచినా ఓడినా వడ్డీతో సహా ఇంటినే పట్టుకునే అప్పుకూ దీనికీ ఉన్న భేదం మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మౌల్వీలదే. వ్యాపారానికి సొమ్ము కావలసిన రోజు వస్తే, వస్తువును చూసి నష్టంలోనూ భాగం పంచుకోవడానికి సిద్ధపడే వారి వద్దకు వెళ్లమనండి. అటువంటి వారు అడిగే ప్రశ్నలు కటువుగా ఉంటాయి. ఆ ప్రశ్నలు కూడా చదువే.

కలామ్ గారి అక్క గాజులు తాకట్టు పెట్టింది గదా, మా ఇల్లు ఎందుకు పెట్టకూడదు అని కుర్రవాడు తెలివిగా అడిగాడు. మాకు ఆ ప్రశ్న నచ్చింది. జోహ్రా తాకట్టు పెట్టినది తమ్ముడి చదువుకు. ఆ చదువు మనిషిలోకి వెళ్లింది. రాకెట్టు కూలినా, పడవ మునిగినా పోయేది కాదు. పైగా అది ఆమె సొంత సొమ్ము. ఇల్లు తల్లిది, చెల్లెళ్లది కూడా.

తొందరపడని వారి కథ కూడా హైదరాబాద్‌దే ఒకటి ఉంది. ఇస్రోలో పనిచేసి అనుభవం గడించిన పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో స్కైరూట్ ఏరోస్పేస్ అనే కంపెనీ స్థాపించారు. 2022 నవంబర్ 18న వారి విక్రమ్-ఎస్ రాకెట్టు శ్రీహరికోట నుంచి ఎగిరి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. దేశంలో ప్రైవేటు సంస్థ నిర్మించి ఎగురవేసిన తొలి రాకెట్టు అది. దాని దేహం కార్బన్ కాంపోజిట్‌తో చేసినది, దాన్ని ఎగరేసిన మోటారు పేరు కలామ్-80. పత్రికలు ఆ నాలుగేళ్ల గురించి రాశాయి. దానికి ముందు ఇస్రోలో గడిచిన సంవత్సరాల గురించి తక్కువ రాశాయి. ఉద్యోగం చేయడం ఓటమి అనుకునే పిల్లలు ఆ తక్కువ రాసిన భాగాన్ని వెతికి చదవాలి.

మెకానికల్ తీసుకోవాలా, కంప్యూటరా అనే మొదటి ప్రశ్నకు మేము బ్రాంచీ పేరుతో సమాధానం చెప్పము. వస్తువులను విప్పి చూసే చేతులున్న పిల్లవాడిని, ఇంటి మోటారు చెడితే ముందు తానే మూత తీసే పిల్లను, భయం కొద్దీ తెర ముందు కూర్చోబెట్టవద్దని మాత్రం అంటాము. పోగుల దిశను, దెబ్బ బలాన్ని లెక్కగట్టడానికి ఇవాళ కంప్యూటరు తప్పదు. కనుక మెకానికల్‌లో చేరినవాడు అది నేర్చుకోకుండా బయటపడడు.

చివరగా, ప్రాజెక్టు విషయం దొరకలేదనే పిల్లలకు ఒకటి చెబుతాము. ఫైబర్ వస్తువుకు ఒక పెద్ద లోపం ఉంది. పాత అల్యూమినియం డబరాను కరిగించి కొత్తది పోయవచ్చు. ఒకసారి గట్టిపడిన పాలిస్టర్ గాని ఎపాక్సీ గాని మళ్లీ కరగదు. గాలిమరల రెక్కలు కాలం తీరిన తరువాత ఏం చేయాలో సంపన్న దేశాలకే పాలుపోవడం లేదు. కొన్నిచోట్ల పూడ్చిపెడుతున్నారు, కొన్నిచోట్ల నూరి సిమెంటు కొలిమిలో వేస్తున్నారు. మన కోస్తాలో వేలాది ఫైబర్ పడవలు ఉన్నాయి, అవీ పాతబడుతూనే ఉన్నాయి. కాకినాడ, నిజాంపట్నం, గిలకలదిండి రేవుల్లో పడవలు మరమ్మతు చేసేవారితో ఒక పూట కూర్చోండి. పడవ ముందుగా ఎక్కడ చిట్లుతుందో, అతుకు ఎన్ని నెలలు నిలుస్తుందో, ఇక పనికిరాదనుకున్నదాన్ని ఎక్కడ వదిలేస్తారో వారు చెబుతారు. పరీక్షకు ఒక ముక్క కావాలంటే కోసి ఇస్తారు కూడా.